గురువారం డాక్టరమ్మ

గజ్జి ఒక్కరి జబ్బు కాదు. ఒకే చాప మీద పడుకునే వాళ్ళందరి జబ్బు. పిల్లాడి వేళ్ళ సందుల్లో పొక్కులు కనిపించేసరికే గజ్జి పురుగు తల్లి ఒంటికీ, పక్కన పడుకున్న చెల్లెలి ఒంటికీ పాకిపోయి ఉంటుంది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే "నాకేం లేదమ్మా, దురదే లేదు" అని చేతులు చాచి చూపించే మనిషి దగ్గర కూడా అది ఉండొచ్చు. ఆస్పత్రి ఓపీలో డాక్టరు పిల్లాణ్ణి చూసి పర్మెత్రిన్ ట్యూబు రాస్తాడు. ఇంట్లో అందరూ ఒకేరోజు పూసుకోవాలి, బట్టలూ పక్కబట్టలూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి అని చెప్తాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ పిల్లాడు ఉండేది కుటుంబాల నైట్ షెల్టరులో. అక్కడ "ఇంట్లో అందరూ" అంటే ముప్పై మందికి పైమాటే. చేతికొచ్చింది ఒక్క ట్యూబు. వేడినీళ్ళ మాట అలా ఉంచి, మామూలు నీళ్ళే కుళాయికి వచ్చేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. పిల్లాడికి కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ ఓపీ చీటీ, మళ్ళీ లైను, మళ్ళీ అదే ట్యూబు. మూడోసారికి ఆ తల్లి వెళ్ళడం మానేస్తుంది. "ఆ మందు పనిచేస్తలేదు" అంటుంది.

హైదరాబాదులో అలాంటి ఒక షెల్టరుకు గురువారం సాయంత్రాలు ఒక డాక్టరమ్మ వస్తుంది. సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన పిల్లల డాక్టరు. నేను ఆవిడ వెంట వెళ్ళి పుస్తకం రాస్తాను. పేరు, వయసు, బరువు, ఏం మందిచ్చాం, మళ్ళీ ఎప్పుడు చూడాలి. నేను వైద్యం చదువుకోలేదు. అక్కడ కూర్చుని రాస్తూ రాస్తూ అర్థమైన సంగతి ఒకటి ఉంది, అది చెప్పాలనే ఇదంతా.

ముందు ఆ గజ్జి సంగతి. షెల్టరులో అందరికీ ఒకే రాత్రి మందు పూయించాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. పెద్దవాళ్ళకు మనిషికో ట్యూబు, పిల్లలకు సైజును బట్టి సగం, పావు. ఒక దాత మందులు కొనిచ్చాడు. రాత్రి అన్నాలయ్యాక మగవాళ్ళను వరండాలోకి పంపి, హాలులో రెండు చీరలు అడ్డంగా కట్టి ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టారు. మెడ దగ్గర్నుంచి అరికాలి దాకా ఎక్కడా వదలకూడదు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు చుట్టూ, చంకలు, నడుం మీద లంగా బొందు ఒరుసుకునే చోటు. చంటిపిల్లలకైతే తలకు కూడా. పూసుకున్నది పొద్దున దాకా ఒంటి మీదే ఉండాలి. చెయ్యి కడుక్కుంటే చేతికి మళ్ళీ పూసుకోవాలి. "ఆ సందులో పట్టలే అక్కా, ఇటు తిప్పు" అని ఒకరికొకరు వీపులు పూసుకుంటుంటే హాలంతా ఆ మందు వాసనే. నవ్వులు కూడా. రోజూ నీళ్ళ దగ్గర తగువులాడుకునే ఇద్దరు ఆ రాత్రి ఒకళ్ళ పిల్లలకు ఒకళ్ళు పూశారు.

చిక్కంతా బట్టల దగ్గరొచ్చింది. ఉతకడానికి వీల్లేని వాటిని మూటగట్టి మూడు రోజులు ఎవరూ ముట్టకుండా ఉంచితే చాలు, మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు అంతకుమించి బతకదు. నల్ల ప్లాస్టిక్ సంచులు తెచ్చాం. ఒక ముసలామె తన మూట ఇవ్వనంది. అందులో రెండు చీరలు, ఒక దుప్పటి, చచ్చిపోయిన కొడుకు చొక్కా, పింఛను కాగితాలు. ఫుట్‌పాత్ మీద పడుకున్నన్నాళ్ళూ ఆ మూట తల కింద పెట్టుకునే నిద్రపోయిన మనిషి. చేతిలోంచి జారితే పోయినట్టే అన్నది ఆమెకు అనుభవం మీద తెలిసిన విషయం. డాక్టరమ్మ వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. గజ్జి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఊరేది, కొడుకు పేరేంటి, ఎప్పుడొచ్చావు పట్నానికి అని అడిగింది. చాలాసేపయ్యాక సంచి మూతి కట్టి, పైన పెద్దక్షరాలతో ముసలామె పేరు రాయించి, "నీ చాప పక్కనే ఉంటది పెద్దమ్మా, మూడు రోజులు ఇప్పకుంటే చాలు" అంది. కాగితాలు, చొక్కా బయటికి తీయించింది. చొక్కా అప్పటికప్పుడు ఉతికించింది. వారానికి రెండోసారి అందరూ పూసుకున్నారు. నెలన్నరకు పిల్లల చేతులు మామూలు చేతులయ్యాయి.

ఓపీలో రాసిన మందూ అదే, ఇక్కడ పూసిన మందూ అదే. ఆస్పత్రికి రోగి అంటే ఒక మనిషి. ఇక్కడ రోగి ఒక గది. ఆ గదిలోకి వచ్చి నిలబడితే తప్ప, అక్కడ కుళాయి ఎప్పుడొస్తుందో, ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో, ఎవరికి తమ మూట ప్రాణమో తెలిస్తే తప్ప ఆ మందు పనిచెయ్యదు.

ఇన్ని ఆస్పత్రులున్న ఊళ్ళో షెల్టరుకే డాక్టరు రావాలా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. నీలోఫరు ఉంది, గాంధీ ఉంది, ఉస్మానియా ఉంది. 2018 నుంచి బస్తీ దవాఖానాలు కూడా వచ్చాయి, డబ్బు తీసుకోకుండా చూస్తారు, మందులిస్తారు. అవి లేకపోతే ఈ నగరంలో పేదవాడి గతేంటో ఊహించలేను. కానీ అడ్డా మీద నిలబడే కూలీకి పొద్దున పని దొరికే వేళా, ఓపీ చీటీలిచ్చే వేళా ఒకటే. పాలమూరు నుంచి వచ్చిన ఒక తల్లి లెక్క చెప్పింది. "దవాఖానకు పోతే ఆ దినం కూలి పాయె. చిన్నదాన్ని సంకలేసుకోవాలె, పెద్దోణ్ణి ఎవలకు అప్పజెప్పాలె? మూట ఈడ ఇడిసిపెడితే ఉంటదా? రక్తం పరీచ్చకు రేపు రమ్మంటరు. రేపు పోతే రెండో దినం కూలి కూడ పాయె. బిడ్డకు జరమే కద, తగ్గుతదిలే అని ఊకుంట." ఆమెకు పిల్ల మీద ప్రేమ లేక కాదు. ఆ లెక్కలో ఎక్కడ తప్పుందో చూపించమంటే నేను చూపించలేను. వాళ్ళు పని నుంచి తిరిగొచ్చి, పొయ్యి వెలిగించే వేళకు డాక్టరమ్మ వస్తుంది కాబట్టే అదే తల్లి పిల్లను ఎత్తుకుని మొట్టమొదట వచ్చి కూర్చుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మనం చిన్నదిగా చూస్తాం. కౌంటరు దగ్గర అడ్రసు అడుగుతారు. ఆ ఒక్క మాటకు వీళ్ళలో చాలామంది లైనులోంచి తప్పుకుంటారు. చెప్పుకోవడానికి అడ్రసు లేని మనిషి, ఫ్లైఓవరు పేరు చెప్పి నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకులే అనుకుంటుంది.

ఇలాంటి వైద్యానికి మంచి ఒరవడి పెట్టిన వాళ్ళలో బోస్టన్ నగరంలోని ఒక నర్సు ఉంది. పేరు బార్బరా మెకిన్నిస్. అక్కడి పైన్ స్ట్రీట్ ఇన్ అనే పెద్ద షెల్టరులో నర్సుల క్లినిక్ నడిపేది. 1985లో ఇల్లు లేనివాళ్ళకు వైద్యం చేసే కార్యక్రమం ఒకటి ఆ ఊళ్ళో మొదలైంది. దానికి జిమ్ ఓకానెల్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. పేరున్న మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో శిక్షణ పూర్తిచేసుకుని, ఒక్క ఏడాది ఇక్కడ పనిచేసి తర్వాత క్యాన్సర్ వైద్యం చదవడానికి వెళ్ళాలనుకుని వచ్చినవాడు. మొదటి రోజే మెకిన్నిస్ అతన్ని స్టెతస్కోపు లోపల పెట్టెయ్యమంది. ఒక తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి ఇచ్చి, వచ్చినవాళ్ళ పాదాలు కడగమంది. నెలల తరబడి అతని పని అదే. రోజంతా నడిచి నడిచి వాచిపోయిన, పుళ్ళు పడ్డ, చలికి దెబ్బతిన్న పాదాలు. డాక్టరంటే ఎదురుగా నిలబడి కిందికి చూసేవాడని అలవాటుపడ్డ మనుషుల ముందు ఆ డాక్టరు నేల మీద కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఏ వైద్యుడితోనూ నోరు విప్పనివాళ్ళు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక్క ఏడాదికి వచ్చిన ఓకానెల్ దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయాడు. ట్రేసీ కిడ్డర్ 2023లో ఆయన మీద ఒక పుస్తకమే రాశాడు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు గొప్పగా తోచింది పాదాలు కడగడం కాదు. చూడటానికి అది పురాణ దృశ్యంలా ఉంటుంది, మనవాళ్ళకు కళ్ళు చెమర్చడానికి అదే చాలు. నేను ఆగిపోయింది ఆ నెలల తరబడి అన్న మాట దగ్గర. ఒక డాక్టరు, వైద్యమనే పేరుతో ఏమీ చెయ్యకుండా, వాళ్ళకు తన ముఖం అలవాటయ్యేదాకా వెళ్తూనే ఉన్నాడు. మన దగ్గర లేనిది అదే. మనకు క్యాంపులున్నాయి. బ్యానరు కడతారు, టేబుళ్ళు వేస్తారు, ఒక ఆదివారం నలుగురు స్పెషలిస్టులు వస్తారు, బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, కాల్షియం మాత్రలు పంచుతారు. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, సెలవురోజు వదులుకుని వచ్చారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆ రోజు బీపీ ఎక్కువుందని తేలిన మనిషి రెండో రోజు మాత్ర ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు? నెల తర్వాత తగ్గిందో పెరిగిందో ఎవరు చూస్తారు? షెల్టరు వాళ్ళకు క్యాంపంటే బాగా తెలుసు. మందుల సంచి పుచ్చుకుని దణ్ణం పెట్టి పంపిస్తారు, అసలు బాధ మాత్రం చెప్పరు. మళ్ళీ కనపడని మనిషికి ఎందుకు చెప్పాలి?

బోస్టన్ తర్వాత రెండేళ్ళకు న్యూయార్కులో ఇదే పని పిల్లల కోసం మొదలైంది. ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలను ఆ నగరం అప్పట్లో పాడుబడ్డ హోటళ్ళలో పెట్టేది. హెరాల్డ్ స్క్వేర్ దగ్గర మార్టినీక్ అనే హోటల్లో వందల కుటుంబాలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. 1987లో ఇర్విన్ రెడ్లెనర్ అనే పిల్లల డాక్టరు, పాల్ సైమన్ అనే గాయకుడు కలిసి ఒక నిధి ఏర్పాటు చేసి, ఒక బస్సును క్లినిక్కుగా మార్పించి ఆ హోటళ్ళకు పంపారు. బస్సులోనే పరీక్ష గది, బరువు తూచే యంత్రం, టీకాలు. 2004లో అచ్చయిన ఒక పరిశీలన ఆ నగరం షెల్టర్లలోని పిల్లల్లో పదిమందికి దాదాపు నలుగురికి ఉబ్బసం ఉందని తేల్చింది. అందులో చాలామందికి జబ్బుకు తగ్గ మందు అందడం లేదు. ఆయాసం ఎక్కువైనప్పుడు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి ఎత్తుకెళ్ళడం, తగ్గాక తీసుకురావడం, అంతే. రోజూ పీల్చే మందు ఇచ్చి, అది పీలుస్తున్నాడా లేదా అని వారం వారం చూసే మనిషి ఉంటే ఆ అర్ధరాత్రులు చాలావరకు తప్పుతాయి.

మనకు మాత్రం దారి తెలియకనా? తుఫాను వస్తే చూడండి. హెచ్చరిక రాగానే కోస్తా జిల్లాల్లో నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి వాళ్ళను ముందే ఆస్పత్రులకు తరలిస్తారు. స్కూలు బిల్డింగులో పునరావాస కేంద్రం తెరిస్తే ఆ వెనకే వైద్య బృందం చేరుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు, జ్వరం మాత్రలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కూడా వైద్యం జనం దగ్గరికే వెళ్ళింది. ఆస్పత్రికి మీరే రావచ్చుగా అని అప్పుడు ఎవరూ అనరు. నీళ్ళు ముంచేసినవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికే వైద్యం వెళ్ళాలన్నది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మరి అప్పు ముంచేసి, కరువు ముంచేసి, తాగుబోతు మొగుడి తన్నులు ముంచేసి ఊరొదిలి వచ్చిన కుటుంబానికి అదే మర్యాద ఎందుకు దక్కదు? ఆ కుటుంబంలోని గర్భిణికీ నెలలు నిండాయి. ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు.

జాబితా అంటే గుర్తొచ్చింది, 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలకు పైనే. ఒక్క రాత్రిలో లెక్కపెట్టింది కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవాళ్ళంటారు, నేనూ అదే అనుకుంటాను. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున, రాత్రీ పగలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అదే లెక్కను పథకంగా మార్చింది. మనిషికి యాభై చదరపు అడుగుల చోటు, కుటుంబాలకు వేరే షెల్టర్లు అని రాసుకుంది. హైదరాబాదు ఆ లెక్కకు ఇంకా చాలా దూరంలో ఉంది.

ఇక పిల్లల ఆరోగ్యానికి 2013లోనే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. నా ఉద్దేశంలో ఈ దేశంలో వచ్చిన మంచి పథకాల్లో అదొకటి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎమ్, ఒక ఫార్మసిస్టు వాహనంలో బయల్దేరతారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఏడాదికోసారి వెళ్ళి పిల్లలను తల నుంచి కాలి దాకా చూస్తారు. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి, చెవుడు, రక్తహీనత, ఎదుగుదలలో ఆలస్యం, ఇలా దాదాపు 30 రకాల సమస్యలు పట్టుకుని పెద్దాస్పత్రికి పంపి చికిత్స చేయిస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డనైతే ఆశా కార్యకర్త ఇంటికెళ్ళి చూస్తుంది. ఆ బండి ఆగేది అంగన్‌వాడీ దగ్గరా, బడి దగ్గరా. ఆశా వెళ్ళేది ఇంటికి. ఈ మూడింట్లో ఏదీ లేని పిల్లలే షెల్టరులో ఉన్నారు. పథకం వాళ్ళను వద్దనలేదు. అది వెళ్ళే దారిలో వాళ్ళు లేరు.

మా షెల్టరులో చిన్నపిల్లలకు డాక్టరమ్మ మొదట కట్టేది చేతి కొలత టేపు. మోచేతికీ భుజానికీ నడుమ చుట్టి లాగితే చిన్న కిటికీలో రంగు కనిపిస్తుంది. పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. పదకొండున్నరకు తగ్గితే ఎరుపు, అంటే ఆ పిల్ల ప్రమాదంలో ఉన్నట్టు. ఆ మధ్య పసుపు. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళలోపు వాళ్ళకు ఇదే కొలత. తల్లులకు బరువు అంకెల కంటే ఈ రంగులు తొందరగా అర్థమవుతాయి. ఒకమ్మాయి, ఏడాదిన్నర పిల్ల, మొదటిసారి ఎరుపులోకి వచ్చింది. తినిపించడానికి ఆ తల్లి దగ్గరేముంది? అన్నం, చారు, ఒక్కోసారి బిస్కట్టు ముక్క. డాక్టరమ్మ ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి ఫోను చేసి, తల్లికి తోడుగా షెల్టరు కేర్‌టేకరును పంపింది. కూలి పోతుందన్న భయం ఉంది కాబట్టి పెద్దకొడుకును చూసుకునే బాధ్యత పక్క చాప వాళ్ళకు అప్పజెప్పింది. తల్లీపిల్లా తిరిగొచ్చాక ప్రతి గురువారం టేపు. ఎరుపు పసుపయిన రోజున ఆ తల్లి టేపును అందరికీ చూపించుకుంటూ హాలంతా తిరిగింది.

ఆ పిల్ల పేరెదురుగా నా పుస్తకంలో కొలతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇంట్లో పెరిగే పిల్లకు ఇదంతా అమ్మమ్మకు గుర్తుంటుంది. ఎప్పుడు పాకింది, ఎప్పుడు అమ్మవారు పోసింది, ఏ మందు పడలేదు. తల్లీబిడ్డల కార్డు బీరువాలో చీరల కింద భద్రంగా ఉంటుంది. షెల్టరు పిల్లల కార్డు ఒక వానకు తడిసిపోయింది, ఒక ఖాళీ చేయింపులో మున్సిపాలిటీ లారీలో వెళ్ళిపోయింది. దాంతో ఆ బిడ్డకు ఏ టీకా పడిందో ఎవరికీ తెలియదు. "సూదులిచ్చిండ్రు" అని మాత్రం తల్లికి గుర్తు. ఏ సూది? బీసీజీ అయితే ఎడమ భుజం మీద మచ్చ వెతుకుతాం. మిగతావాటికి మచ్చలుండవు. అందుకని నేను ఇప్పుడు ప్రతి కార్డునూ ఫోనులో ఫొటో తీసి, పుస్తకంలో ఎక్కించి, తల్లి ఫోనుకూ పంపిస్తాను. వాళ్ళు ఆ షెల్టరు వదిలి మరో ఊరు పోయినా ఆ కాగితం వాళ్ళ వెంట ఉంటుంది. వారం వారం వెళ్ళడంలో ఉన్న బలం నాకు తెలిసినంతలో ఇదే. ఆ పిల్లకు గడిచిన వారం ఏమైందో గుర్తున్న మనిషి ఒకరు ఎదురుగా ఉంటారు.

క్షయ విషయంలో అలాంటి మనిషి లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆర్నెల్లు మందు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని ఎవరైనా ముందే చెప్పాలి, లేకపోతే రెండో రోజే మానేస్తారు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతులు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేసి, ఆ మందులకే లొంగకుండా పోతుంది. పక్కన పడుకునే అయిదేళ్ళలోపు పిల్లలకు జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. వైద్యం సాగినన్నాళ్ళూ తిండి ఖర్చుకు ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తుంది. 2018లో అది అయిదొందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి. మంచి నిర్ణయం. కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతాకు ఆధార్, ఆధార్‌కు అడ్రసు. ఒక తండ్రి విషయంలో ఆ కాగితాల పని తేలేసరికి ఆయన మందు సగం కోర్సు అయిపోయింది. ఆ నడుమంతా ఆయనకు పూటపూటా అన్నం పెట్టి, మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడింది షెల్టరు కేర్‌టేకరు. ఆవిడ జీతం చెబితే చదివేవాళ్ళకు సిగ్గేస్తుంది. టీబీ తగ్గిందన్న కాగితం మీద ఆవిడ పేరు ఎక్కడా ఉండదు.

ఎదిగిన పిల్లల వైద్యం ఇంకో తీరు. పదహారు, పదిహేడేళ్ళ మగపిల్లలు డాక్టరమ్మ ముందు కూర్చోరు. దూరంగా గోడకానుకుని నిలబడి, అందరూ వెళ్ళాక వచ్చి, "మా దోస్తుకు ఇట్లుంటది మేడమ్" అని మొదలుపెడతారు. దోస్తుకు పంటినొప్పి. దోస్తుకు ఛాతీలో మంట. దోస్తు వైట్‌నర్ పీలుస్తాడు, ఇప్పుడు అన్నం సయించడం లేదు. డాక్టరమ్మ ఎన్నడూ ఆ దోస్తెవరని అడగదు. "మీ దోస్తుకు చెప్పు బాబూ" అంటూ అన్నీ విడమర్చి చెప్తుంది. మూడు నాలుగు వారాలకు దోస్తు మాయమై, "నాకు" అన్న మాట వస్తుంది. ఆ మాట కోసం ఆవిడ కుర్చీని హాల్లోంచి మెట్ల మలుపు దగ్గరికి మార్చుకుంది. అక్కడైతే ఎవరికీ వినపడదు. బడి మానేసిన ఆడపిల్లలకు బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందదు. అది ఇప్పించడానికి ముందు, వాళ్ళు నెలసరి గురించి నోరు తెరవడానికి ఒక తెర కావాలి, ఒక ఆడమనిషి కావాలి, నాన్న వచ్చే వేళ కాకూడదు. ఇవన్నీ వైద్యంలో భాగమని ఏ కాలేజీలోనూ చెప్పరు కాబోలు.

వీళ్ళలో నాకు ఎక్కువ దిగులు పద్దెనిమిది నిండినవాళ్ళ గురించి. పిల్లల హోముల్లో ఉన్నన్నాళ్ళూ నెలనెలా పరీక్షలుండాలని బాలల న్యాయ చట్టం నియమాలు చెబుతున్నాయి. పద్దెనిమిది నిండగానే హోము ఖాళీ చెయ్యాలి. ఇరవై ఒకటి దాకా ఆదుకోవచ్చని చట్టంలో ఉన్నా, అది అందేది కొందరికే. మిగిలినవాళ్ళు పెద్దవాళ్ళ షెల్టరుకు వస్తారు. చిన్నప్పటి మూర్ఛకు వేసుకుంటున్న మాత్ర ఏదో, ఎన్ని మిల్లీగ్రాములో ఆ కుర్రాడికి తెలియదు. అన్నాళ్ళూ హోము ఆయా చేతిలో పెట్టింది మింగాడు. ఫైలు హోములోనే ఉండిపోయింది. ఇప్పుడు ఫిట్సు వస్తే తప్ప ఎవరికీ తెలియదు. గేటు దాటేటప్పుడు ఆ ఫైలు నకలు ఒకటి చేతికివ్వడానికి ఖర్చేమీ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డాక్టరమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆవిడ మంచితనం మీద నడిచే ఏర్పాటు ఆవిడ మంచమెక్కిన రోజున ఆగిపోతుంది. అందుకే ఆవిడే ఈ మధ్య సర్కిల్ ఆఫీసుకూ, జిల్లా వైద్యాధికారికీ వరసగా ఉత్తరాలు రాయిస్తోంది, రాసేది నేనే. అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. బాల స్వాస్థ్య వాహనం తిరిగే పట్టికలో అంగన్‌వాడీల కింద షెల్టర్ల పేర్లు కూడా ఎక్కించాలి. బస్తీ దవాఖానా నుంచి వారానికొక సాయంత్రం ఒక డాక్టరును షెల్టరుకు పంపాలి, ఎప్పుడూ ఆ ఒక్క డాక్టరునే. ప్రతి షెల్టరులో తాళం వేసుకునే మందుల బీరువా, ఒక తెర, తూకం యంత్రం ఉండాలి. కేర్‌టేకరుకు ఆరోగ్యం పనికి వేరే జీతం ఇవ్వాలి.

ఈలోగా ఆ ప్రాంతం ఏఎన్‌ఎమ్ ఒక గురువారం షెల్టరుకే వచ్చి టీకాలు వెయ్యడానికి ఒప్పుకుంది. తట్టు, రుబెల్లా టీకా సీసాలో అయిదు డోసులుంటాయి, కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్క పిల్ల కోసం సీసా తెరవడానికి ఆవిడకు చెయ్యాడదు. తొమ్మిది నెలలు నిండినవాళ్ళు, రెండో డోసు బాకీ ఉన్నవాళ్ళు మా పుస్తకంలో నలుగురు తేలారు. అయిదో పిల్ల వంతెన అవతల టార్పాలిన్ల కింద ఉంటున్న కుటుంబంలో ఉందని పాలమూరు తల్లి చెప్పింది. గురువారం పని నుంచి వచ్చేటప్పుడు వాళ్ళను తనే తోడ్కొని వస్తానంది.